ఊర్గాం బంగళాలో పియానో పాఠాలు

ఈ మధ్య ఒక అమ్మాయి ఫోన్ చేసింది. పియానో టీచరు అవ్వాలనుకుంటున్నానని, ఇన్నేళ్ళ అనుభవం ఉన్న మీరు ఒక్క సలహా ఇవ్వండని అడిగింది. నడుముకు మంచి డాక్టరును ఇప్పటినుంచే చూసి పెట్టుకో అన్నాను. ఆమె నవ్వి, "అది కాదు మేడం, కళ గురించి చెప్పండి" అంది.

కళ గురించి మాట్లాడటం నాకు బాగా వచ్చు. కచేరీలు చేసే రోజుల్లో పత్రికల వాళ్ళు అడిగినప్పుడల్లా మాట్లాడాను, అడగనప్పుడు ఇంకా ఎక్కువ మాట్లాడాను. అందులో ఒక్క మాటా పాఠం చెప్పేటప్పుడు అక్కరకు రాలేదు. వచ్చినవల్లా నేను చేసిన తప్పులే. అవే ఇక్కడ రాస్తున్నాను. సన్మానాలూ జ్ఞాపికలూ చూడాలనుకునేవాళ్ళు మా ఇంటి హాలు గోడ చూడవచ్చు. చెదలు ముట్టనివి ఇంకా కొన్ని మిగిలాయి.

మిస్ గారి పెన్సిలు

మాది కోలారు బంగారు గనుల్లో ఛాంపియన్ రీఫ్ కూలీ లైన్లు. మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి గనిలోకి దిగడానికి వచ్చాడు. మా నాయన గనిలోకి మనుషుల్ని దించి మళ్ళీ పైకి తెచ్చే ఇంజను నడిపేవాడు. మా అమ్మ ఊర్గాంలో మిస్ ఆగ్నెస్ అనే ఆంగ్లో ఇండియన్ దొరసాని బంగళాలో పనిచేసేది. ఆ మిస్ గనుల ఆఫీసర్ల పిల్లలకు పియానో నేర్పేది.

నాకప్పుడు ఏడేళ్ళు. అమ్మ గిన్నెలు తోముతుంటే వెనక గుమ్మంలో కూర్చుని వినేదాన్ని. ఒక ఇంజనీరు గారి అబ్బాయి నెల రోజులుగా ఒకే పాటతో కుస్తీ పడుతున్నాడు. ఒకరోజు అతను వెళ్ళిపోయాక లోపలికి పోయి, ఒక్క వేలితో ఆ పాట సరిగ్గా వాయించాను. అమ్మ పరుగెత్తుకొచ్చి వీపు మీద ఒకటి వేసింది. మిస్ ఆమెను ఆపి, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, మళ్ళీ వాయించమంది. వాయించాను. తప్పు వేలు వాడినందుకు ఆమె ఇంకొకటి వేసింది. నా సంగీత విద్య అలా మొదలైంది.

మిస్ చేతిలో ఎప్పుడూ పెన్సిలు ఉండేది. తప్పు స్వరం పడితే మణికట్టు మీద దెబ్బ పడేది. పదకొండేళ్ళలో ఆమె నన్ను మెచ్చుకున్నది ఒక్కసారే. ఉన్నదంతా అమ్ముకుని ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ, స్టేషన్లో రైలు కదిలాక, కిటికీలోంచి "పరవాలేదు" అంది. అది నన్నుద్దేశించిందో, పెట్టెలు సర్దుతున్న కూలీని ఉద్దేశించిందో నాకు ఈ రోజుకీ తెలియదు. నా గురించే అని తీర్మానించుకున్నాను.

ఆమె దగ్గర రెండు విద్యలు నేర్చుకున్నాను. మొదటిది పియానో. రెండోది, గురువంటే నొప్పి పుట్టించే మనిషి అన్న నమ్మకం. మొదటిదానికి పదకొండేళ్ళు పట్టింది, రెండోది మొదటి రోజే వచ్చేసింది.

ఆ తర్వాత సంగతి మీకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే అది నా లోపం కాదు, నేను అందరికీ చెప్పాను. స్కాలర్‌షిప్, లండన్, పెద్ద పెద్ద హాళ్ళు, నల్ల పట్టు గౌను. 'బంగారు గనుల నుంచి వచ్చిన బంగారు చేతులు' అని ఒక పత్రిక రాసింది. ఆ మాట రాసినవాడికి గని అంటే ఏమిటో, బంగారం అంటే ఏమిటో, బహుశా చేతులంటే ఏమిటో కూడా తెలియదు. అయినా ఆ కాగితం కత్తిరించి దాచుకున్నాను.

నలభై దాటాక కేజీఎఫ్‌కు తిరిగొచ్చాను. పుట్టిన మట్టి పిలిచింది అని ఇంటర్వ్యూలలో చెప్పేదాన్ని. నిజానికి కచేరీలు పిలవడం మానేశాయి. నాకన్నా చిన్నవాళ్ళు, నాకన్నా తక్కువ అడిగేవాళ్ళు వచ్చారు. అప్పటికి గనులు మూతపడబోతున్నాయి, బంగళాలు ఖాళీ అవుతున్నాయి. మిస్ ఉండిన బంగళాలోనే దిగాను. ఎవరూ అడగకపోయినా, అది గురుభక్తి అని చెప్పాను.

దర్బారు

పెద్ద పియానిస్టు ఊళ్ళో పాఠాలు చెబుతోందంటే బెంగళూరు నుంచి ఆదివారాలు కార్లు వచ్చేవి. రాబర్ట్‌సన్‌పేట నుంచి ఆటోలు వచ్చేవి. నేను దర్బారు పెట్టాను. దానికి ఇంకో మాట లేదు.

నా దగ్గర చేరిన పిల్లలు ఇంకో టీచరు గుమ్మం తొక్కకూడదు. గోళ్ళు మొదలంటా కత్తిరించాలి. అప్పుడప్పుడు దొరికే నా కచేరీ ఎక్కడున్నా మొదటి వరసలో కూర్చోవాలి, నా బ్యాగు మోయాలి. పాఠంలో ఒకసారైనా ఏడవని పిల్ల సరిగ్గా నేర్చుకోవడం లేదని నా లెక్క. పియానో పక్కన ఒక తువ్వాలు వేలాడదీసి ఉంచేదాన్ని. చేతుల చెమట తుడుచుకోవడానికని తల్లిదండ్రులు అనుకునేవారు. పిల్లలకు మాత్రం అది దేనికో తెలుసు.

తల్లిదండ్రులకు ఇదంతా ఎంతో నచ్చింది. నేను ఎంత కసిరితే అంత గొప్ప టీచరునని ఊరంతా చెప్పుకున్నారు. ఒకావిడ, "మా పిల్లను ఇంకొంచెం గట్టిగా తిట్టండి మేడం, ఇంట్లో ఎవరి మాటా వినదు" అని స్వీటు డబ్బా ఇచ్చి వెళ్ళింది.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళు ఒకటి తెలుసుకోండి. మూసిన గదిలో ఒక పెద్ద మనిషీ ఒక చిన్న మనిషీ పక్కపక్కన కూర్చుని గంటసేపు గడిపే ఉద్యోగాలు లోకంలో తక్కువ. ఆ గదిలో మీరు ఏం చేసినా దానికి బయట 'క్రమశిక్షణ' అని పేరు పెడతారు. మిమ్మల్ని ఆపేవాడు ఉండడు. నన్ను ఎవరూ ఆపలేదు.

శెట్టిగారి బిడ్డ

శ్రీలత తొమ్మిదేళ్ళప్పుడు వచ్చింది. వాళ్ళ నాయనది రాబర్ట్‌సన్‌పేట బజారులో బట్టల అంగడి. ఆ పిల్ల చర్చి ముందర నిలబడి, లోపల ఎవరో వాయిస్తుంటే కదలనంటుందని, లాక్కుపోతే ఏడుస్తుందని శెట్టిగారు చెప్పాడు.

"మా ఇండ్లలో ఎవురికీ ఈ పిచ్చి లేదమ్మా. ఒకసారి చూసి, రాదంటే రాదని చెప్పేయండి. దీనికీ నిమ్మళం, నాకూ నిమ్మళం."

చూశాను. వచ్చు. ఎంత వచ్చంటే, నాకు కొంచెం భయం వేసింది.

వాళ్ళింట్లో పియానో లేదు. శెట్టిగారు బట్టలు కొలిచే బల్ల మీద సుద్దముక్కతో పియానో మెట్లు గీసిచ్చాడు. మధ్యాహ్నం బేరాలు తక్కువగా ఉన్నప్పుడు ఆ పిల్ల ఆ బల్ల మీద వాయించేది. ఒకసారి చీర కొనడానికి పోయి నేనే చూశాను. చప్పుడు లేకుండా పది వేళ్ళూ పరుగెత్తుతున్నాయి. ఉన్నట్టుండి ఆగి, పెదవి కొరుక్కుని, వెనక్కి వచ్చి మళ్ళీ మొదలుపెట్టింది. సుద్ద గీతల మీద తప్పు స్వరం ఆమెకు వినపడింది.

మరుసటి రోజు నుంచి బడికి పోయే ముందు మా ఇంట్లో వాయించుకోమన్నాను. అలా ఎనిమిదేళ్ళపాటు వచ్చింది. గాలి వీచే నెలల్లో, గని వ్యర్థం పోసిన సైనైడ్ దిబ్బల మీది తెల్లటి దుమ్ము పియానోలోకి చేరి మెట్లు బిగుసుకుపోయేవి. ఆ పిల్ల వచ్చి ముందు ఒక్కో మెట్టూ తుడిచి, తర్వాత కూర్చునేది. నేను చెప్పకుండా చేసింది అదొక్కటే. మిగతావన్నీ నేను చెప్పినట్టే చేసింది. నేను ఊపిరి పీల్చేచోట ఊపిరి పీల్చేది. నేను మెడ వంచేచోట మెడ వంచేది. చూసినవాళ్ళు "అచ్చం మీరే" అనేవారు. అంతకన్నా పెద్ద పొగడ్త ఆ పిల్లకు ఉండదని నేను అనుకున్నాను.

కానీ ఒకటి గమనించాను. పొద్దున నేను స్నానానికి పోయినప్పుడు ఆమె వాయించే తీరు వేరుగా ఉండేది. ఒక నెమ్మదైన పీసు ఉంది, తనే పుస్తకంలో వెతికి పట్టుకుంది. దాన్ని రాసినదానికన్నా ఇంకా నెమ్మదిగా వాయించేది. మధ్యలో ఒకచోట ఆగిపోయేది. మరచిపోయిందేమో అనుకునేంతసేపు ఆగి, మళ్ళీ మొదలుపెట్టేది. నేను తలకు తువ్వాలు చుట్టుకుని బయటికి వచ్చి, "అక్కడ అంతసేపు ఆగమని ఎవరు రాశారు?" అనేదాన్ని. ఆమె ఆపేసేది.

ఆ మరుసటి ఉదయం

ఆమెకు పదిహేడేళ్ళప్పుడు విదేశం నుంచి ఒక ప్రొఫెసరు బెంగళూరు వచ్చాడు. నేను చదువుకునే రోజుల్లో నా పక్క గదిలో సాధన చేసిన మనిషి. ఇప్పుడు పెద్ద సంగీత కళాశాలలో పెద్ద పదవిలో ఉన్నాడు. ఇక్కడి పిల్లలను విని, ఒకరిని ఎంచుకుని, చదువంతా ఉచితంగా చెప్పించడానికి వచ్చాడు.

శ్రీలత తన నెమ్మది పీసు తయారు చేసుకుంది. పది రోజుల ముందు నేను దాన్ని మార్చేశాను. నాకు పేరు తెచ్చిన పీసు, నేను లండన్లో వాయించి చప్పట్లు కొట్టించుకున్న పీసు ఇచ్చాను.

"వద్దు మేడం" అంది. ఎనిమిదేళ్ళలో ఆ మాట అదే మొదటిసారి. "అది మీ పీసు. నేను వాయిస్తే మీ చీర నేను కట్టుకున్నట్టుంటాది."

"కట్టుకో. మంచి చీరే కదా" అన్నాను.

పది రోజులూ ఒక్కో వరసా నేను వాయించడం, ఆమె వాయించడం. ఆ రోజు హాల్లో ఒక్క తప్పు కూడా లేకుండా వాయించింది. నేను వెనక వరసలో కూర్చుని, కళ్ళు మూసుకుని, నా యవ్వనాన్ని విన్నాను. ఎవరికైనా వినిపించవచ్చని ఫోన్లో రికార్డు కూడా చేసుకున్నాను.

తర్వాత ప్రొఫెసరు నన్ను వరండాలోకి పిలిచాడు. "లండన్లో నువ్వు వాయించింది మళ్ళీ విన్నాను. అణువంత తేడా లేదు" అన్నాడు.

నేను సంతోషంగా తల వంచాను.

"నేను వచ్చింది ఆ పిల్లను వినడానికి" అన్నాడు. "ఆమె చేతులు బాగున్నాయి. రేపు ఉదయం తొమ్మిదికి ఇక్కడే ఉంటాను. తనకు ఇష్టమైనది ఏదైనా వాయించమను. నువ్వు రాకు."

ఆ చివరి రెండు మాటలు అనకుండా ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు. వాటిమీద నెపం వేసి ఇన్నేళ్ళు బతికాను కాబట్టి రాస్తున్నాను.

శ్రీలత, శెట్టిగారు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఇద్దరి ముఖాలూ నా వైపే.

"కాలేదమ్మా" అన్నాను. "నువ్వింకా తయారు కాలేదన్నాడు."

"ఇంగేమైనా అన్యాడా మేడం?"

"ఏమీ అనలేదు."

శెట్టిగారు నాకు దండం పెట్టాడు. "మీరు చేయాల్సింది మీరు చేసినారమ్మా. దాని రాత" అన్నాడు. చిక్‌పేటలో సరుకు చూసుకోవాలని, చుట్టాలింట్లో ఆ రాత్రి ఉండి మర్నాడు ఊరికి పోతామని చెప్పాడు.

మర్నాడు నేను బెంగళూరులో ఒక స్నేహితురాలి ఇంట్లో ఉన్నాను. తొమ్మిదింపావుకు ఫోన్ మోగింది. పదికి మోగింది. పదకొండుకు తీసి, పిల్లకు జ్వరం అని చెప్పాను. ఆయన "సరే" అని పెట్టేశాడు.

శ్రీలత మళ్ళీ పాఠానికి రాలేదు. బీకాం చదివింది. మాలూరులో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో చేరిందని, రోజూ రైల్లో పోయివస్తుందని విన్నాను. ఎవరైనా అడిగితే, "టాలెంటు ఉన్నా పట్టుదల లేని పిల్లలు" అని నిట్టూర్చేదాన్ని. ఆ నిట్టూర్పు ఎక్కడ పెట్టాలో నాకు బాగా తెలుసు, స్టేజీ మనిషిని కదా.

మునివెంకటప్ప

ఆరేళ్ళ తర్వాత ఒక సోమవారం మా గేటు ముందు టమేటా క్రేట్ల టెంపో ఆగింది. యాభై దాటిన మనిషి దిగాడు, తెల్ల చొక్కా, పంచె. కోలారు మార్కెట్లో మండీ ఉందని, పేరు మునివెంకటప్ప అని చెప్పాడు. పియానో నేర్చుకోవాలట.

"ఎవరికి? మీ మనవడికా?"

"నాకే తల్లీ. ఒక పెండ్లి రిసెప్షనుకు పోయినాను. ఒకాయన దీన్ని వాయిస్తా ఉన్యాడు. అందురూ తింటా ఉన్యారు, ఎవురూ వినలేదు. నేనొక్కడే విన్యాను. ఏమో, అప్పట్నించి ఇంగ దేనిమీదా మనసు పోలేదు."

చేతులు చూపించమన్నాను. ఒక్కో వేలూ రెండు మెట్లను కప్పేస్తుంది. "ఈ వేళ్ళు క్రేట్లు ఎత్తడానికి పనికొస్తాయి" అన్నాను.

"అవునమ్మా. దాంట్లో బాగా పనిచేసినాయి. ఇంగో పని నేర్పిద్దామని తెచ్చినాను."

ఎందుకు చేర్చుకున్నానంటే, నిజం చెప్పాలి, అప్పటికి కార్లు తగ్గిపోయాయి. బెంగళూరులో కసరకుండా నేర్పే టీచర్లు వచ్చారట. నాకది కళకు పట్టిన చీడ అనిపించింది.

మునివెంకటప్పను ఏడిపించడం నా వల్ల కాలేదు. నేను అరిచినంతసేపూ చేతులు ఒళ్ళో పెట్టుకుని వినేవాడు. అయ్యాక, "కోపం అయిపోయింది కదమ్మా. ఇప్పుడు చెప్పు, యాడ తప్పినాను?" అనేవాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పబోతే మొదటిసారి తెలిసింది, అరిచినప్పుడు నేను ఆ సంగతే చెప్పలేదని. పాఠం చెప్పడం అనే పనిని నేను అరవై దాటాక టమేటా మండీ వ్యాపారి దగ్గర నేర్చుకున్నాను. నా మీద అధికారం చేసిన మనిషి ఎవరైనా ఉంటే ఆయనే.

ఒకరోజు గొప్పకోసం ఫోన్లోని రికార్డు వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"బాగా వాయించినారమ్మా."

"నేను కాదు. నా స్టూడెంట్, శ్రీలత అని."

"అట్లనా?" ఆయన ఫోనును అటూ ఇటూ తిప్పి చూశాడు. "మరి ఆ బిడ్డ వాయించింది యాడుండాది? అది వినిపియ్యండి."

నాకు ఒళ్ళు మండింది. ఆ మాట ఒక ప్రొఫెసరు అంటే అసూయ అనుకోవచ్చు. ఈయన మూడు స్వరాలు వరసగా వాయించలేడు. తిడదామని నోరు తెరిచాను. జరిగింది మొత్తం చెప్పేశాను. వరండా, తొమ్మిది గంటలు, జ్వరం, మాలూరు ఉద్యోగం, అన్నీ.

ఆయన పియానో మూత మూశాడు.

"మా మండీలో కొందరు పుచ్చిన కాయలు అడుగున పెట్టి, పైన మంచివి పేరుస్తారు తల్లీ. మోసమే, అయినా అర్థమవుతుంది. మీరు మంచికాయను అడుగున పెట్టి తొక్కినారు. దీన్ని ఏమంటారో నాకు తెలీదు." లేచి పంచె దులుపుకున్నాడు. "ఆ బిడ్డకు తెలుసునా?"

"తెలియదు."

"రేపు నేను మాలూరు మీదనే పోతాను. పదింటికి టెంపో తెస్తాను."

"నేను రానన్నానా, వస్తానన్నానా?" అన్నాను.

"మీరేం అనలేదమ్మా. నేనే అన్యాను."

ఫ్యాక్టరీ గేటు

లండన్లో నన్ను హోటలు నుంచి హాలుకు పెద్ద నల్ల కారులో తీసుకుపోయేవారు. మాలూరుకు ఖాళీ క్రేట్ల టెంపోలో పోయాను. దారి పొడుగునా ఇటుక బట్టీల పొగ. ఏం చెప్పాలో మంచి మాటలు పేర్చుకుంటూ కూర్చున్నాను. పరిస్థితులు, ఆనాటి నా మానసిక స్థితి, అలాంటివి. మునివెంకటప్ప ఒక్కసారి పక్కకు చూసి, "రెండు మాటల్లో అయిపోయేదే కదమ్మా" అన్నాడు.

భోజనం వేళ. సెక్యూరిటీ మనిషి లోపలికి కబురు పంపాడు. శ్రీలత వచ్చింది. మెడలో ఐడీ కార్డు, చేతిలో ఇంకా తెరవని టిఫిను డబ్బా. ముఖం కొంచెం నిండింది. నన్ను చూసి నవ్వింది.

"మేడం! మీరేంది ఈడ? ఆరోగ్యం బాగుండాదా?"

రోడ్డు పక్క వేపచెట్టు కింద నిలబడి చెప్పాను. పేర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. ఆయన మర్నాడు నిన్ను మళ్ళీ రమ్మన్నాడు, నీకు నచ్చింది వాయించమన్నాడు, నేను చెప్పలేదు. అంతే. మునివెంకటప్ప అన్నట్టు నిజంగానే రెండు మాటల్లో అయిపోయింది.

ఆమె నవ్వు పోలేదు. అట్లాగే ముఖం మీద ఉండిపోయింది, తీయడం మరచిపోయినట్టు.

"ఎంతసేపు ఉన్యాడు మేడం?"

"ఎవరు?"

"ఆ ప్రొఫెసరు. పొద్దున. ఎంతసేపు కాసుకొని ఉన్యాడు?"

"తొమ్మిది నుంచి పదకొండు దాకా."

ఆమె టిఫిను డబ్బా ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

"ఆ పొద్దు మేము ఆడికి పోయినాం మేడం. మా నాయినకు ఆ హాలు ముందర నా ఫోటో తీయాలని. నా బిడ్డ ఇంత పెద్ద హాల్లో వాయించిందని అంగట్లో పెట్టుకుంటానన్యాడు. తొమ్మిదిన్నర అయ్యుంటుంది. గేటు తెరిచే ఉన్యాది. లోపలికి పోయి ఒకసారి చూసొద్దామా అన్యాడు. ఇంగ మనకేం పని నాయినా, పదాం అని నేనే పిల్చుకొచ్చినాను."

నేను ఆ వేపచెట్టు కాండం పట్టుకున్నాను.

"ఇన్నేండ్లు నేను తయారు కాలేదనే అనుకున్యాను" అంది. "రైల్లో పోతా ఉంటే చేతులు ఒళ్ళో కదుల్తాయి. ఊరికే ఉండండి, మీకు రాదు అని వాటికి చెప్తా ఉంటిని."

"శ్రీలతా, నన్ను..."

"అడగొద్దండి మేడం." గొంతు పెంచలేదు. "నన్ను ఏమీ అడగొద్దండి ఇప్పుడు. అరగంటే ఉండేది భోజనానికి."

గేటులోకి వెళ్ళిపోయింది. డబ్బా మూత తెరవనేలేదు.

తిరుగు దారిలో మునివెంకటప్ప నన్ను ఓదార్చలేదు. బంగారపేట దాటాక, "నీళ్ళు కావల్లనా?" అని మాత్రం అడిగాడు.

పాత తప్పు ఒప్పుకుంటే మనసు తేలికపడుతుందని పుస్తకాల్లో రాస్తారు. రాసినవాళ్ళు ఒప్పుకుని చూశారో లేదో నాకు అనుమానమే. నాకు మాత్రం తేలిక కాలేదు. అంతకుముందు నేను ఒక పిల్లకు అవకాశం పోగొట్టాను. ఆ మధ్యాహ్నం నుంచి, తెరిచిన గేటు ముందు బిడ్డను నిలబెట్టి ఫోటో తీస్తున్న శెట్టిగారు కూడా వచ్చి చేరాడు.

ఆదివారాలు

ఆ వారమే పియానో పక్కనుంచి తువ్వాలు తీసేశాను. వేళ్ళ కీళ్ళు వాచి కొత్త పిల్లలను తీసుకోవడం మానేశాను. వృత్తి నుంచి నా విరమణ అంతే, సభా లేదు, శాలువా లేదు. మునివెంకటప్ప మాత్రం, "నాది ఇంగా అయిపోలేదు కదా" అని సోమవారాలు వస్తూనే ఉన్నాడు. ఇప్పుడు రెండు చేతులతో ఒక చిన్న పాట వాయిస్తాడు. అది ఏ పాటో ఇద్దరం ఒప్పుకోవడానికి కొంచెం సమయం పడుతుంది.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం ఉదయం శ్రీలత వచ్చింది. వరండా మెట్ల కిందనే నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"మా ఇంట్లో పియానో లేదు మేడం. కొనేదానికి ఇప్పుట్లో కాదు. ఆదివారం మూడు గంటలు మీది కావల్ల."

"ఎప్పుడైనా రా అమ్మా. ఈ ఇల్లు నీది..."

"ఇల్లు వద్దు. పియానో చాలు." తాళంచెవికని చెయ్యి చాపింది. "ఇంగొకటి. నేను వాయించేటప్పుడు మీరు ఇంట్లో ఉండకూడదు."

దేశదేశాల హాళ్ళలో టికెట్టు కొని నన్ను వినడానికి వచ్చినవాళ్ళు ఉన్నారు. నా ఇంట్లో నుంచి నన్ను బయటికి పొమ్మన్న మొదటి మనిషి ఆమె. తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, గొడుగు తీసుకుని బయలుదేరాను.

అప్పటినుంచి ఆదివారాలు తొమ్మిది నుంచి పన్నెండు దాకా నేను మా వీధి మలుపులో మురుగుకాలువ మోరీ గట్టు మీద కూర్చుంటాను. అక్కడికి సగమే వినిపిస్తుంది. గాలి ఇటు తిరిగితే కొంచెం, లారీ పోతే ఏమీ లేదు. మొదటి వారాలు వట్టి సాధనే, చేతులు బిగుసుకుపోయాయని తెలుస్తోంది. నాలుగో వేలు వెనకబడుతోంది. ఎడమచెయ్యి తొందరపడుతోంది. లేచి పోయి చెప్పాలని ఎన్నిసార్లు అనిపించిందో. గట్టును రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. ఈ మధ్య ఆ నాలుగో వేలు తనంతట తనే సర్దుకుంది. ఆమె ఏం చేసి దాన్ని సరిచేసుకుందో నాకు తెలియదు. నేను చెప్పేదైతే అది కాదు, ఎందుకంటే నేను చెప్పే పద్ధతిలో ఇంత బాగా కుదరదు.

ఈ వృత్తిలో నాకు దక్కిన ఫలితం ఇంతే. శ్రీలత నన్ను క్షమించలేదు. పన్నెండింటికి తాళంచెవి కిటికీలో పెట్టి, నేను గేటు దగ్గరికి చేరేలోపలే వెళ్ళిపోతుంది. కళాశాలలకు ఆమె వయసు దాటిపోయింది. సోమవారం పొద్దున మళ్ళీ మాలూరు రైలు.

పోయిన ఆదివారం కూరగాయల బండి తోసుకుంటూ ఒకాయన మలుపులో ఆగాడు. మా ఇంటి వైపు చెవి పెట్టాడు.

"ఎవురమ్మా అంత బాగా వాయించేది? ఆ ఇల్లు మీదే కదా?"

"శ్రీలత అనప్పా. బట్టల అంగడి శెట్టిగారి బిడ్డ."

"మీ స్టూడెంటా?"

"కాదప్పా" అన్నాను.